ఖరీదైన ఐఈఎమ్‌కు ముందు టిప్పులు, తరువాతే కేబుల్

మీరు అడిగిన దాని సారాంశం ఇది. గుంటూరు బ్రాడీపేట నుంచి రోజూ రైల్లో విజయవాడ ఆఫీసుకు వచ్చి వెళ్ళే మీరు, ఒక్కో చెవికి అయిదు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు (శబ్దం పుట్టించే బుల్లి పరికరాలు) ఉన్న ఖరీదైన ఇన్-ఇయర్ మానిటర్ (ఐఈఎమ్, చెవి నాళంలోకి దూర్చి పెట్టుకునే ఇయర్‌ఫోన్) కొన్నారు. కుడి చెవిలో బేస్ పలుచగా వినిపిస్తోంది, పాటలో ‘స’, ‘శ’ వచ్చిన చోటల్లా చెవిలో గుచ్చినట్టుంది, గంట దాటితే కుడి చెవిలో నొప్పి మొదలవుతోంది. 22 వేల రూపాయల వెండి కేబుల్ వేస్తే అన్నీ సర్దుకుంటాయని అమ్మిన వారు చెప్పారు. ఆ కేబుల్ కొనాలా, కొంటే 4.4 మిల్లీమీటర్ల ప్లగ్‌తో తీసుకోవాలా అన్నది మీ సందేహం.

ఆ కేబుల్ ఇప్పుడు కొనవద్దు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ ముందుగా టిప్పునే, అంటే చెవిలోకి వెళ్ళే మెత్తని తొడుగునే, అనుమానించవలసినవి. టిప్పు సరిగ్గా అమరని చెవిలో ఏ లోహపు తీగ వేసినా ఆ ఇబ్బందులు అలాగే ఉంటాయి.

మొదట కుడివైపు సంగతి తేల్చుకోవాలి. కేబుల్‌ను రెండు వైపులా ఊడదీసి, ఎడమ పక్క తీగను కుడి పీసుకు (కుడి చెవిలో పెట్టుకునే భాగానికి), కుడి పక్క తీగను ఎడమ పీసుకు పెట్టి అదే పాట వినండి. లోపం కేబుల్‌దో ఫోన్‌దో అయితే పలుచదనం ఎడమ చెవికి మారుతుంది. అలా మారకుండా కుడివైపే ఉండిపోతే, ఆ పీసును వేలితో మెల్లగా లోపలికి నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపు బేస్ నిండుగా వచ్చి, వేలు తీయగానే పోతే అది గాలి లీకే, ఇంకో పరీక్ష అక్కరలేదు. నొక్కినా మారకపోతే టిప్పు తీసి నాజిల్ (టిప్పు తొడిగే సన్న గొట్టం) మూతి మీద ఉన్న జల్లెడను వెలుతురుకు పట్టి చూడండి. అక్కడ గులిమి పేరుకుని రంధ్రాలు మూసుకుపోయి ఉంటే ఆ వైపు శబ్దం మొత్తంగా తగ్గుతుంది. దాన్ని సూదితో పొడవకూడదు. నాజిల్‌ను నేల వైపు వంచి, మెత్తని పొడి బ్రష్‌తో దులపాలి.

లీకు ఇంత నష్టం ఎందుకు చేస్తుందంటే, ఐఈఎమ్‌లోని డ్రైవర్ కదిలించే గాలి చాలా తక్కువ. నాజిల్‌కూ కర్ణభేరికీ మధ్య ఉన్న ఆ చిన్న గది పూర్తిగా మూసుకుని ఉన్నప్పుడు మాత్రమే అంత కొద్ది కదలికతో కింది స్వరాలకు కావలసిన ఒత్తిడి పుడుతుంది. సైకిల్ ట్యూబుకు సన్నని చిల్లి ఉంటే పంపు ఎంత కొట్టినా గాలి నిలవనట్టే, టిప్పు అంచున వెంట్రుక మందం సందు ఉన్నా నిదానంగా మారే ఒత్తిడి, అంటే బేస్, ఆ సందులోంచి జారిపోతుంది. వేగంగా మారే పై స్వరాలకు జారిపోయే వ్యవధి ఉండదు కనుక అవి అలాగే నిలుస్తాయి. అందువల్ల బేస్ తగ్గడంతో పాటు ట్రెబుల్ పెరిగినట్టు కూడా అనిపిస్తుంది, మీకు ‘స’ గుచ్చుకోవడంలో ఇదీ ఒక భాగమే. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లలో ఈ నష్టం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లోతైన బేస్‌లో 10 డెసిబెళ్ళకు మించి పోవడం కూడా అరుదు కాదు. రైల్లో నష్టం రెండింతలు, ఎందుకంటే పాటలోని బేస్ బయటికి పోయే దారిలోనే చక్రాల హోరు లోపలికి వస్తుంది, దాన్ని కప్పిపుచ్చడానికి మీరు వాల్యూమ్ పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు 80 డెసిబెళ్ళ దగ్గర వారానికి 40 గంటలు. రోజూ రాకపోకల్లో వినేవారు ఆ హద్దులో ఉండాలంటే, బయటి చప్పుడును బాగా ఆపే టిప్పు కంటే చవకైన ఉపాయం లేదు.

ఇక సైజు. పెట్టెలోంచి తీసేసరికే పీసుకు మధ్యస్థం టిప్పు తొడిగి ఉంటుంది కనుక చాలామంది దానితోనే స్థిరపడిపోతారు. చెవి నాళం గుండ్రని గొట్టం కాదు. అది కోలగా ఉంటుంది, దారిలో వంపులు ఉంటాయి, ఒకే మనిషిలో కుడి ఎడమలకు కొలత వేరుగా ఉండడం మామూలే. కుడికి పెద్దది, ఎడమకు మధ్యస్థం వాడడంలో వింత ఏమీ లేదు. పీసును పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో తల వెనకగా చెవిని పట్టుకుని పైకి, వెనక్కి లాగితే నాళం కొంత తిన్నగా అవుతుంది. అప్పుడు టిప్పును కొద్దిగా తిప్పుతూ లోపలికి పంపి చెవిని వదలాలి. ఆ తరువాత నోరు బాగా తెరిచి మూయండి, నవ్వండి, ఏదైనా నమలండి. నాళంలో బయటి మూడో వంతు మృదులాస్థి కనుక దవడ కదిలినప్పుడల్లా అక్కడి ఆకారం మారుతుంది, అద్దం ముందు నిలబడ్డప్పుడు బాగున్న సీల్ (గాలి పోని అమరిక) ఆఫీసులో మాట్లాడుతుండగా పోవడానికి కారణం ఇదే. లోపలి రెండు వంతులు ఎముక, దాని మీద చర్మం బాగా పలుచన. టిప్పు ఆ ఎముక దాకా వెళ్ళి ఒత్తితే నొప్పి రాక తప్పదు.

అయితే గంట తరువాత వచ్చే నొప్పి అన్నివేళలా లోతు వల్ల రాదు. టిప్పు మరీ పెద్దదైతే నాళం గోడను చుట్టూ నిరంతరం నెడుతూ ఉంటుంది, పైగా లోపలికి పూర్తిగా వెళ్ళలేక ఒక పక్క మడతపడుతుంది, ఆ మడత దగ్గరే లీకు వస్తుంది. బేస్ లేదని ఇంకా పెద్దది వేస్తే ఇంకా మడతపడుతుంది. మీ కుడి చెవిలో నొప్పి, బేస్ లోపం రెండూ ఉన్నాయి కనుక ముందు ఒక సైజు చిన్నది వేసి, కాస్త లోతుగా పెట్టి చూడమంటాను. టిప్పు తీసిన వెంటనే దాని అంచును గమనించండి. ఒక పక్క టిప్పు గొడుగు (గొడుగులా విచ్చుకునే అంచు) నొక్కుకుపోయి ముడత గీత కనిపిస్తే అది మీకు పెద్దది.

‘స’ సంగతికి లోతుతో నేరుగా సంబంధం ఉంది. టిప్పు కొసకూ కర్ణభేరికీ మధ్య గాలిలో ఒక అనునాదం ఏర్పడుతుంది, ఆ దూరం సగం తరంగదైర్ఘ్యానికి సమానమైన చోట శబ్దం ఉబ్బుతుంది. చెవిలో శబ్దవేగం సెకనుకు 350 మీటర్లుగా తీసుకుంటే, మధ్య దూరం 22 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ఆ ఉబ్బు దాదాపు 8000 హెర్ట్‌జ్ దగ్గర, 20 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు దాదాపు 8750 దగ్గర, 16 మిల్లీమీటర్లకు వస్తే 11,000కు కాస్త దిగువన పడుతుంది. గాయకుల సకార శకారాల్లోని ఈల ఎక్కువగా 5000 నుంచి 9000 మధ్య ఉంటుంది కనుక, పైపైన పెట్టుకున్న ఐఈఎమ్‌లో ఆ ఉబ్బు సరిగ్గా వాటి నెత్తిన కూర్చుంటుంది. రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పోతే అది పైకి జరిగి గొంతును వదిలిపెడుతుంది. సమీక్షల్లో వచ్చే గ్రాఫుల్లో 8000 దగ్గర ఒక శిఖరం తరచు కనిపించేది కూడా ఇందువల్లే. అది కొలిచే కృత్రిమ చెవి పొడవుకు సంబంధించినది, మీ చెవిలో అది వేరే చోట ఉంటుంది. ఆ శిఖరాన్ని చూసి ఐఈఎమ్ కొనడం, అమ్మడం రెండూ నాకు వృథా శ్రమగానే తోస్తాయి.

టిప్పు నోటి వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. నాజిల్ కంటే టిప్పు నోరు సన్నగా ఉంటే పై స్వరాలు కొంత అణగుతాయి, వెడల్పుగా ఉంటే అవి తెరుచుకుంటాయి. మీ ఫిర్యాదు ‘స’ గుచ్చుకోవడం గనుక వెడల్పు నోటి టిప్పులను చివరికి వదిలి, సన్న నోటివి ముందు చూడండి.

పదార్థాల విషయానికి వస్తే, మన ఊళ్ళ వాతావరణాన్ని తలుచుకోకుండా సలహా ఇవ్వడం కుదరదు. ఫోమ్ టిప్పులు సీల్ విషయంలో ఉదారమైనవి, ఏ వంపు నాళంలోనైనా నలిగి దూరి విచ్చుకుంటాయి, రైలు హోరును బాగా ఆపుతాయి, ట్రెబుల్ మొనలను కాస్త మెత్తబరుస్తాయి. వాటిని వేళ్ళ మధ్య నలిపి, చెవిలో పెట్టి, విచ్చుకునే దాకా అరనిమిషం పట్టుకోవాలి. కాని అవి చెమటనూ గులిమినీ పీల్చుకుంటాయి. మే నెలలో విజయవాడ ప్లాట్‌ఫారం మీద నిలబడి వాడే ఫోమ్, ఏసీ గదిలో వాడే ఫోమ్ అంత కాలం నిలవదు, కొన్ని నెలలకే తిరిగి విచ్చుకునే గుణం పోగొట్టుకుంటుంది. కనుక ఫోమ్‌ను తరచు కొనే సరుకుల పద్దులో రాసుకోవలసిందే. సిలికాన్ కడిగితే కొత్తదవుతుంది. గోరువెచ్చని నీళ్ళు, మామూలు సబ్బు చాలు, పూర్తిగా ఆరిన తరువాతే నాజిల్‌కు తొడగాలి. చెమట పట్టిన చెవిలో నున్నని సిలికాన్ జారుతుంది అన్నదే దానితో చిక్కు. శరీరపు వేడికి మెత్తబడి అతుక్కునే కొత్త రకం టిప్పులు, అజ్లా జెలాస్టెక్ లాంటివి, జారవు. అయితే ఆ జిగురు గుణం వల్లే జేబులోని దుమ్మంతా వాటికే అంటుకుంటుంది. పీసులను పెట్టెలో పెట్టే అలవాటు లేనివారు వాటి జోలికి పోకపోవడం మంచిది.

ఇక కొనదగిన టిప్పుల పేర్లు చెబుతాను. ఫైనల్ సంస్థ టైప్ ఇ టిప్పులు అయిదు సైజుల్లో వస్తాయి, నోరు సన్నగా ఉంటుంది, మీ సమస్యకు నేను మొదట చూసేది అదే. స్పిన్‌ఫిట్ వారి టిప్పుల్లో గొడుగు మెడ దగ్గర అటూ ఇటూ వాలుతుంది, నాళం వంపుగా ఉన్నవారికి ఒక పక్క ఒత్తిడి తగ్గుతుంది, నొప్పి ఉన్నవారికి ప్రయత్నించదగినది. జెవిసి స్పైరల్ డాట్, అజ్లా సెడ్నా ఇయర్‌ఫిట్ రెండూ వెడల్పు నోటివి, మంచివే గాని మీకు ఇప్పుడు కాదు. ఫోమ్‌లో కంప్లై పాత పేరు. వీటిలో ఏది కొన్నా ముందు మీ నాజిల్ బయటి వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలుచుకోండి. ఎటిమోటిక్, షూర్ లాంటి సన్న నాజిళ్ళకు చేసిన టిప్పు మామూలు లావు నాజిల్‌కు ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే చిరుగుతుంది. లావు నాజిల్ కోసం చేసినది సన్న నాజిల్‌కు తొడిగితే పీసు బయటికి వచ్చి టిప్పు చెవిలోనే ఉండిపోతుంది. అలా జరిగితే పిన్నీసుతో గాని పుల్లతో గాని కెలకకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

సైజు తెలియకుండా ఖరీదైన జతలు తెప్పించడం కంటే, విజయవాడ బీసెంట్ రోడ్డు వెంట దొరికే చవక రబ్బర్లలో చిన్నవీ పెద్దవీ కొన్ని తెచ్చి ఏ చెవికి ఏది సరిపోతుందో తేల్చుకుని, అప్పుడు ఆ కొలతలో మంచివి తెప్పించుకోవడం తెలివైన పని. వాటి నాణ్యత అంతంత మాత్రమే గాని కొలత చెప్పడానికి చాలు.

సీల్‌ను పరీక్షించడానికి ఫోన్ యాప్‌లో 20 నుంచి 60 హెర్ట్‌జ్ వరకు స్వరం పెట్టి, రెండు చెవుల్లో సమానంగా వినిపిస్తోందా అని చూడవచ్చు. నేను మాత్రం బాగా రికార్డు చేసిన ఒక కచేరీలో తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) పెట్టుకుంటాను. మృదంగం ఎడమ మూతికి రవ్వ ముద్ద పట్టించేదే ఆ నాదాన్ని కిందికి దించడానికి. దాని మీద పడ్డ ‘తోం’కు దెబ్బ వినపడ్డాక కొద్దిసేపు నిలిచే ఒక గుండ్రని తోక ఉంటుంది. లీకు ఉన్న చెవిలో దెబ్బ వినిపిస్తుంది, తోక వినిపించదు. కుడి మూతి చాపు మాత్రం రెండు చెవుల్లో ఒకేలా ఉంటుంది. ట్రెబుల్ కోసం తంబురా నాదం వినండి, జీవా (తీగ కింద పెట్టే దారం) బాగా పట్టిన తంబురాలో పై అంశ స్వరాలు ఒకదాని మీద ఒకటి మెరుస్తూ వస్తాయి. వాటిలో ఏదో ఒకటి మిగతావాటిని మించి ఈలలా పొడుచుకొస్తే మీ అనునాదం అక్కడ ఉందన్నమాట, టిప్పు లోతు మార్చి మళ్ళీ వినాలి. పాత ఆకాశవాణి భక్తిరంజని రికార్డింగులు వినడానికి అపురూపమైనవే గాని ఈ పరీక్షకు పనికిరావు. ఆ టేపుల్లో అంత కింది స్వరాలు, అంత పై స్వరాలు నిండుగా లేవు.

ఇప్పుడు కేబుల్. దీనికి శబ్దంతో సంబంధమే లేదని కొందరంటారు, అది పూర్తి నిజం కాదు. ఒక్క డైనమిక్ డ్రైవర్ (మామూలు స్పీకర్‌లా పొరను కదిలించేది) ఉన్న ఐఈఎమ్‌లలో ఇంపిడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) అన్ని స్వరాలకూ దాదాపు ఒకేలా ఉంటుంది గనుక కేబుల్ నిరోధం మారితే వాల్యూమ్ కొద్దిగా మారుతుంది, అంతే. మీ లాంటి అనేక ఆర్మేచర్ల ఐఈఎమ్‌లో ఇంపిడెన్స్ స్వరాన్ని బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది, కాబట్టి వరుసలో చేరిన ప్రతి నిరోధం స్వరాల తూకాన్ని కొంచెం మారుస్తుంది. క్యాంప్‌ఫైర్ ఆడియో ఆండ్రోమెడా ఈ విషయంలో పేరు పడ్డ నమూనా, ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ మారితే దాని స్వరూపమే మారుతుంది.

లెక్క చూద్దాం. ఒక ఐఈఎమ్ ఇంపిడెన్స్ ఒక స్వరం దగ్గర 8 ఓమ్‌లు, మరో స్వరం దగ్గర 40 ఓమ్‌లు అనుకుందాం, మీ డాంగిల్ (ఫోన్‌కు తగిలించుకునే చిన్న ఆంప్లిఫయర్) అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 0.1 ఓమ్ అనుకుందాం. రానుపోను 1 ఓమ్ నిరోధం ఉన్న సన్న కేబుల్ వేస్తే ఆ రెండు స్వరాల మధ్య దాదాపు 0.9 డెసిబెల్ తేడా పడుతుంది. 0.2 ఓమ్ కేబుల్ వేస్తే అది దాదాపు 0.25కు తగ్గుతుంది. అంటే మరీ సన్నని తీగ నుంచి లావు తీగకు మారితే ముప్పాతిక డెసిబెల్‌కు లోపు మార్పు వస్తుంది, శ్రద్ధగా వింటే అది చెవికి ఆనుతుంది. అది బేస్‌ను పెంచుతుందా ట్రెబుల్‌ను పెంచుతుందా అన్నది మీ ఐఈఎమ్ ఇంపిడెన్స్ ఎక్కడ తక్కువగా ఉందో దాన్ని బట్టి తేలుతుంది, తీగ రంగును బట్టి కాదు. మీతో వచ్చిన కేబుల్ ఇప్పటికే 0.4 ఓమ్ ఉంటే, 0.2కు దిగడం వల్ల వచ్చే మార్పు 0.2 డెసిబెల్‌ను దాటదు.

కనుక కొత్తది కొనే ముందు ఉన్నదాన్ని కొలవండి. మల్టీమీటర్ రెండు మొనలను మొదట ఒకదానికొకటి తాకించి ఎంత చూపుతోందో రాసుకుని, ఆ అంకెను తరువాతి కొలతల నుంచి తీసివేయాలి, ఎందుకంటే ఇంత చిన్న కొలతల్లో మీటరు సొంత తీగల నిరోధమే సగం ఉంటుంది. ప్లగ్ కొస నుంచి ఎడమ పక్క తీగ చివరి రెండు పిన్నుల్లో దానికి కలిసే పిన్నుకు ఒకసారి, ప్లగ్ మొదలు నుంచి అదే పక్క రెండో పిన్నుకు ఒకసారి కొలిచి కలిపితే రానుపోను నిరోధం వస్తుంది. 26 గేజ్ (అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) రాగి తీగ మీటరుకు 0.134 ఓమ్ ఉంటుంది కాబట్టి 1.2 మీటర్ల కేబుల్‌కు రానుపోను 0.32 ఓమ్ రావాలి, 28 గేజ్ అయితే 0.51. అదే కొలతలో వెండి వేస్తే ఎంత తగ్గుతుంది? వెండి రాగి కంటే అయిదారు శాతం మాత్రమే మెరుగైన వాహకం. 0.32 కాస్తా 0.30 అవుతుంది. ఆ 0.02 ఓమ్ కోసం 22 వేలు పెట్టడం కంటే ఒక గేజ్ లావు రాగి తీగ తీసుకుంటే అంతకు మించిన ఫలితం వస్తుంది. అధిక స్వరాలు తీగ ఉపరితలం మీదే ప్రవహిస్తాయి కనుక వెండి పూత ట్రెబుల్‌ను పెంచుతుందని చెప్పే మాట కూడా ఈ కొలతల్లో నిలవదు. 20,000 హెర్ట్‌జ్ దగ్గర రాగిలో ఆ ప్రవాహపు లోతు దాదాపు 0.46 మిల్లీమీటర్లు, 26 గేజ్ తీగ మొత్తం వ్యాసమే 0.4. అంటే తీగ నడిమధ్య దాకా ప్రవాహం ఉన్నట్టే.

కేబుల్‌కు డబ్బు పెట్టవలసిన కారణాలు వేరే ఉన్నాయి, అవి రోజూ వాడేవారికి నిజంగా ముఖ్యమైనవి. బరువైన అల్లిక తీగ చెవి మీద వేలాడుతూ పీసును కిందికి లాగితే, మీరు అంత కష్టపడి సాధించిన సీల్ మెట్లు దిగేలోపే పోతుంది. గట్టి తీగ చొక్కా కాలర్‌కు రాసుకుంటే ఆ గరగర నేరుగా చెవిలో వినిపిస్తుంది, గడ్డం కింద జారుడు పూస బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. చెవి చుట్టూ తిరిగే వంపు మీ చెవికి సరిపోవాలి, ఫోన్ జేబులో ఉంటే వంకర ప్లగ్ మేలు. పారదర్శకమైన తొడుగు ఉన్న రాగి తీగ మన ఉక్కకు, చెమటకు ఏడాదో రెండేళ్ళో గడిచేసరికి ఆకుపచ్చగా మారుతుంది. చూడడానికి బాగుండదు గాని అది పై పొర మీద జరిగే మార్పు, శబ్దం చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు. సాకెట్‌లోకి చెమట దిగడం మాత్రం ప్రమాదమే. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లం వేసిన పెట్టెలో పెట్టండి.

కనెక్టర్ తప్పు పడితే నష్టం ఐఈఎమ్‌కే. మీది రెండు పిన్నుల రకం అన్నారు. వాటిలో 0.78, 0.75 మిల్లీమీటర్ల పిన్నులు రెండూ బజారులో ఉన్నాయి. 0.75 సాకెట్‌లో 0.78 పిన్ను దూర్చితే సాకెట్ వదులవుతుంది, తరువాత అసలు కేబుల్ పెడితే శబ్దం ఆగి ఆగి వస్తుంది. పిన్నులు ఒక వైపు తిరగేసి పెడితే రెండు చెవులూ వ్యతిరేక దిశల్లో కదిలి, పాడేవారి గొంతు తల మధ్యలో నిలవకుండా చెదిరిపోతుంది. కేబుల్ మార్చిన ప్రతిసారీ ఒక్క నిమిషం గొంతు పాట విని ఈ సంగతి సరిచూసుకోండి. అస్తమానం కేబుళ్ళు మార్చి పోల్చే సరదా ఉన్నవారి సాకెట్లే ముందు పోతాయి.

చివరగా 4.4 ప్లగ్. మీ డాంగిల్‌కు 4.4 బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (కుడి ఎడమలకు వేర్వేరు నెగటివ్ తీగలు ఉండేది) ఉంటే ఆ రంధ్రంలో సాధారణంగా ఎక్కువ వోల్టేజి, అంటే 6 డెసిబెళ్ళ దాకా అదనపు శబ్దం దొరుకుతుంది. మీ ఐఈఎమ్ సున్నితమైనది, దానికి అంత అక్కరలేదు. పైగా చాలా పరికరాల్లో ఆ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ రెండింతలు ఉంటుంది, పాట లేనప్పుడు వినిపించే సన్నని బుస కూడా పెరగవచ్చు. 4.4 ప్లగ్ 3.5 కంటే గట్టిది, తొందరగా వదులవదు అన్నది దాని నిజమైన లాభం. ఆ కారణంగా తీసుకుంటానంటే సరే, దానికి 3.5 రంధ్రంలో పెట్టుకునే అడాప్టర్ కూడా కొనుక్కోండి. తలకిందులుగా మాత్రం చేయవద్దు. 3.5 కేబుల్‌ను అడాప్టర్ పెట్టి 4.4 బ్యాలెన్స్‌డ్ రంధ్రంలో గుచ్చితే కుడి ఎడమల రెండు నెగటివ్ తీగలూ ఒకదానితో ఒకటి కలిసి, డాంగిల్‌లోని ఆంప్లిఫయర్ కాలిపోయే ప్రమాదం ఉంది. దుకాణంలో ఆ రకం అడాప్టర్ కూడా అదే అరలో పెట్టి అమ్ముతారు, చూసి తీసుకోండి.